పోయిన మరకు ఉక్కు ఒర

ఆయిల్ మార్చడం అయిపోయింది. మెకానిక్ కుర్రాడు కింద డ్రెయిన్ బోల్టు పెట్టి పానాతో బిగిస్తున్నాడు. రెండు చుట్లు చేతికి బరువు తెలిసింది. ఇంకొంచెం పట్టాడు. ఉన్నట్టుండి పానా తేలికైపోయింది. ఇక ఎంత తిప్పినా బోల్టు తిరుగుతుందే తప్ప పట్టదు. బయటికి తీసి చూస్తే బోల్టు మరల సందుల్లో తెల్లటి అల్యూమినియం పీలిక తీగలా చుట్టుకుని వస్తుంది. నిమిషం కిందటి దాకా ఆ పీలికే ఇంజను గోడలో మరగా ఉంది.

హోసూరు నుంచి తళి దాకా దారి పొడుగునా ఉన్న షెడ్లలో ఎక్కడో ఒకచోట ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది: "అన్నా, చాంబర్ థ్రెడ్ పోయింది." చెప్పేవాడి గొంతు అక్కడ కొంచెం తగ్గుతుంది. బండి యజమాని లేచి వచ్చి వంగి చూస్తాడు. అతని బండి మీద టమాటా బుట్టలో, చామంతి మూటలో, బీన్స్ సంచులో తెల్లారకముందే హోసూరు సంతకు చేరాలి. ఆయిల్ నిలవని ఇంజను ఆ పాతిక కిలోమీటర్లు కూడా నడవదు.

పుస్తకం ప్రకారం వెళ్తే దీనికి క్రాంక్‌కేసు, అంటే ఆ చాంబర్ మొత్తం, మార్చాలి. అంటే ఇంజను దించాలి, మొత్తం విప్పాలి. కేసు రెండు సగాలనూ జతగా చెక్కుతారు కాబట్టి చాలా బళ్ళకు రెండూ కలిపే కొనాలి. ఇంజను నంబరు చెక్కి ఉండేది ఆ కేసు మీదే. ఆ సగం మారితే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. చిటికెన వేలు పట్టే రంధ్రం ఒకటి అరిగినందుకు ఇంత తిరుగుడు! పేదవాడి బండికి వచ్చే కష్టాల్లో ఇంత అన్యాయమైనది ఇంకొకటి ఉందని నేను అనుకోను.

దీనికి చక్కని మందు ఉంది. 1930లలోనే కనిపెట్టారు. ఉక్కు తీగను చుట్టగా చుట్టి, ఆ చుట్టను అల్యూమినియం రంధ్రంలోకి ఎక్కించడమే ఆ మందు. మట్టి బావి గోడ విరిగిపడకుండా లోపలికి ఒరలు దించుతారే, అదే పని. అది ఎవరికి తట్టింది, ఎందుకు తట్టింది అన్నది చెప్పుకోదగ్గ కథ. ఆ కథలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది: ఆ చుట్ట పాడైన రంధ్రాలను బాగుచేయడానికి పుట్టలేదు. అసలు పాడవకుండా ముందే కాపాడుకోవడానికి పుట్టింది. ఆ ముందుచూపు విమానాలకు చేరింది. మన బళ్ళకు చేరలేదు.

ముందు మర ఎందుకు పోతుందో చూద్దాం. మామూలు మోటారు సైకిలు డ్రెయిన్ బోల్టు 12 మిల్లీమీటర్లదైతే, దాన్ని బిగించాల్సిన బలం సుమారు 25 న్యూటన్ మీటర్లు. పాతిక సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బలమో అంత. ఆ మాత్రానికే బోల్టు తన ఒంటి పొడుగునా దాదాపు ఒక టన్ను బలంతో సాగి, వాషర్‌ను కేసుకు అదిమి పట్టుకుంటుంది. ఇక పానాకు రెండడుగుల పైపు తొడిగి ముప్పై కిలోల బరువుతో లాగితే? లెక్క ప్రకారం ఏడు టన్నులు దాటాలి. అక్కడిదాకా అల్యూమినియం ఆగదు, మధ్యలోనే తెగిపోతుంది. పైగా ఆ బరువును మరలన్నీ సమానంగా మోయవు. వాషర్‌కు దగ్గరగా ఉన్న మొదటి చుట్టు ఒక్కటే మూడోవంతు మోస్తుంది, రెండోది నాలుగోవంతుకు కాస్త తక్కువ. చివరి చుట్లు దాదాపు ఊరికే ఉంటాయి. మొదటిది తెగితే దాని భారం రెండోదాని మీద పడుతుంది, అదీ తెగుతుంది. పానా పట్టుకున్నవాడి చేతికి అది ఒక్కసారిగా జరిగినట్టు అనిపిస్తుంది కానీ లోపల వరసగా తెగుతూ పోయింది.

అసలు అంత గట్టిగా ఎందుకు పట్టాడు? చాలాసార్లు వాషర్ వల్ల. డ్రెయిన్ బోల్టు కింద ఉండే రాగి వాషరో అల్యూమినియం వాషరో ఒక్కసారి నలిగి అమరడానికే చేసింది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదే వేస్తే అప్పటికే నలిగి గట్టిపడి ఉంటుంది కాబట్టి సరిగా అమరదు, చుక్క కారుతుంది. కారుతోందని ఇంకొంచెం బిగిస్తారు. వచ్చేసారి మళ్ళీ అదే వాషర్, ఇంకొంచెం బలం. "ఇంగ ఒక్క పట్టు పట్టురా" అని పక్కనుంచి పెద్దమేస్త్రి అంటాడు. ఆ ఒక్క పట్టే చివరిది. చిల్లర డబ్బుకు దొరికే వాషర్ దగ్గర మిగిల్చి ఇంజను కేసును పోగొట్టుకుంటున్నాం.

ఇదంతా కేసు అల్యూమినియంది కావడం వల్లే. ఉక్కుతో పోలిస్తే దాని బరువు మూడోవంతు, బిగువూ మూడోవంతే. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే ఏడాది, కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. అప్పటికి ఇద్దరి వయసూ పాతికలోపే. అంతవరకూ విలువైన లోహాల పక్కన కూర్చున్న అల్యూమినియం కార్ఖానాలకు దిగి వచ్చింది. 1903లో రైట్ సోదరుల విమానాన్ని లేపిన ఇంజను కేసు అల్యూమినియం పోతే. కొంచెం రాగి కలిపిన మిశ్రమం. ఆ ఇంజనును ఆరువారాల్లో తయారుచేసింది వాళ్ళ సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్. సైకిళ్ళు బాగుచేసే చేతులు ప్రపంచంలో మొదటి విమానం ఇంజనును చేశాయంటే ఏ షెడ్డులో పనిచేసే కుర్రాడైనా తల ఎత్తుకోవచ్చు. ఆ ఏడాది ఫిబ్రవరిలో పరీక్షిస్తుండగా బేరింగులు పట్టేసి కేసు పగిలింది. మళ్ళీ కొత్తది పోత పోయించుకోవాల్సి వచ్చింది. తేలిక లోహం తన బలహీనతను మొదటి రోజుల్లోనే చూపించింది.

గాల్లోకి లేవాలంటే బరువు తగ్గాలి, కాబట్టి అల్యూమినియాన్ని వదలడం కుదరదు. బోల్టులు మాత్రం ఉక్కువే. మెత్తని గోడలో గట్టి బోల్టు తిరిగితే అరిగేది గోడే. ఒకసారి బిగించి వదిలేసే చోట పెద్ద చిక్కు లేదు. మాటిమాటికీ విప్పి బిగించే చోటే ప్రాణం మీదికి వస్తుంది. విమానం ఇంజనులో అలాంటి చోటు స్పార్క్ ప్లగ్గు. ప్రతి తనిఖీకీ ప్లగ్గులన్నీ విప్పుతారు, తుడుస్తారు, బిగిస్తారు. సిలిండర్ తల అల్యూమినియంది, ప్లగ్గు ఉక్కుది, మధ్యలో మంట వేడి. ఆ మర పోయిందంటే ప్లగ్గు ఊడిపోతుంది. రోడ్డు మీద బండైతే పక్కకు ఆపుకుంటాం, గాల్లో ఎక్కడ ఆపుతారు?

మర పోతే అప్పటికి తెలిసిన దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, రంధ్రం పెద్దది చేసి లావు బోల్టు వేయడం. రెండోది, కంచు బుష్, అంటే మర ఉన్న గొట్టం, తయారుచేసి దించడం. మొదటి దారి పైకి కనిపించేంత అమాయకమైనది కాదు. దాని వల్ల జరిగే నష్టం తెలియాలంటే వంద సంవత్సరాలు వెనక్కి, ఇంగ్లండు వెళ్ళాలి.

1841కి ముందు ఇంగ్లండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట కొన్న బోల్టుకు ఇంకోచోట కొన్న నట్టు పట్టదు. యంత్రం పాడైతే చేసిన మేస్త్రి దగ్గరికే పోవాలి. హెన్రీ మాడ్‌స్లే దగ్గర పని నేర్చుకున్న జోసెఫ్ విట్‌వర్త్ దేశంలోని చాలా కార్ఖానాల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, 55 డిగ్రీల కోణంతో ఒకే కొలత ప్రతిపాదించాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియమ్ సెల్లర్స్ దాన్ని 60 డిగ్రీలు చేసి, మర కొసలను బల్లపరుపుగా ఉంచాడు. చెక్కడం సులువని, మామూలు మేస్త్రి కూడా చేయగలడని అతని వాదం. ఈరోజు మన బళ్ళలో ఉన్న మెట్రిక్ మరలదీ 60 డిగ్రీలే. ఎవరో ఒక ఊళ్ళో చేసిన బోల్టు ఇంకెక్కడో చేసిన రంధ్రంలో పట్టడమన్నది ఇంతమంది కొలిచి, వాదించి, ఒప్పుకుంటే వచ్చిన వరం.

లావు బోల్టు ఆ వరాన్ని పోగొడుతుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రం 13 అయితే ఆ బండి ఇక దుకాణాల్లో దొరికే మామూలు బోల్టుకు చెందదు. లేతు మేస్త్రి చేసిచ్చిన ఆ ఒక్క బోల్టు పోతే మళ్ళీ లేతు దగ్గరికే పోవాలి. వేరే ఊళ్ళో వేరే మెకానిక్ కొత్త బోల్టు పెట్టి చూసి, వదులుగా ఉంటే, లోపమేమిటో తెలియక తల పట్టుకుంటాడు. పైగా గోడ ఇంకా పలచబడింది, లోహం మాత్రం అదే అల్యూమినియం. రెండోసారి పోతే చుట్టూ మిగిలేది తక్కువ. కాబట్టి నిజంగా కావలసింది ఏమిటి? రంధ్రం మళ్ళీ మొదటి కొలతకే రావాలి, గోడ ముందుకంటే గట్టిపడాలి, చోటు ఎక్కువ తినకూడదు. కంచు బుష్‌తో మొదటి రెండూ దొరుకుతాయి. దాని గోడ మందం వల్ల చోటు దగ్గర చిక్కొస్తుంది.

ఇక్కడ హెరాల్డ్ కామినెజ్ అనే అమెరికా ఇంజనీరు కథలోకి వస్తాడు. 1920లలో అతను క్రాంక్‌షాఫ్ట్ లేని విమానం ఇంజను ఒకటి తయారుచేశాడు. నాలుగు సిలిండర్లు నక్షత్రంలా అమర్చి, మధ్యలో ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న క్యామ్‌ను పిస్టన్లు నెట్టేట్టు చేశాడు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ దాన్ని విమానాలకు పెట్టింది. 1928లో అమెరికా వాణిజ్య శాఖ విమాన ఇంజన్లకు ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలుపెడితే మొదటి పత్రం అందుకున్నది ఈ ఫెయిర్‌చైల్డ్-కామినెజ్ ఇంజనే. భాగాలు తక్కువ, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది, కాగితం మీద అంతా బాగుంది. గాల్లో మాత్రం విపరీతమైన అదురు. ఆ అదురును వదిలించుకోలేక ఇంజను మూలపడింది.

అదురే మరలకు మొదటి శత్రువు. అలాంటి ఇంజనుతో ఏళ్ళు గడిపిన మనిషికి బోల్టులు, స్టడ్డులు, మరలు ఎలా వదులవుతాయో, ఎక్కడ తెగుతాయో వేరే చెప్పాలా? తరవాతి సంవత్సరాల్లో అతని పేరు న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ సిటీలోని ఎయిర్‌క్రాఫ్ట్ స్క్రూ ప్రొడక్ట్స్ కంపెనీ పేటెంట్ల మీద కనిపిస్తుంది. 1939లో వచ్చిన ఆ పేటెంట్ల సారం ఒక్కటే: బోల్టుకూ రంధ్రానికీ మధ్య, మర వెంట మెలికలు తిరిగిన ఒక తీగ చుట్ట. ఆ ఆలోచనే హెలీ-కాయిల్ పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. కంపెనీ తరవాత కనెక్టికట్‌లోని డాన్‌బరీకి చేరింది. యూరప్‌లో జర్మనీకి చెందిన బోల్‌హోఫ్ అదే పేరుతో చేసి అమ్ముతుంది.

ఆ చుట్టను చేతిలోకి తీసుకుని చూడాలి. చూడటానికి బాల్‌పెన్ను స్ప్రింగంత మామూలుగా ఉంటుంది కానీ ఎంత ఆలోచన పెట్టారో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. తీగ గుండ్రంగా ఉండదు. అడ్డంగా కోస్తే వజ్రాకారం, అంటే పలక మూలగా నిలబెట్టినట్టు ఉంటుంది. బయటి వైపు కోణం అల్యూమినియంలో కొత్తగా కోసిన మరలో కూర్చుంటుంది. లోపలి వైపు కోణం అసలు బోల్టు కొలతకు కొత్త మర అవుతుంది. ఒకే తీగ అటూ ఇటూ రెండు పనులు చేయడం వల్ల బుష్‌లా గోడ మందం అక్కర్లేదు. లోహం 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కు. తీగ లాగడంలోనే గట్టిపడుతుంది. పైభాగం అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి బోల్టు రాపిడి తగ్గుతుంది.

చుట్ట ఊరికే వదిలితే రంధ్రం కంటే కొంచెం లావుగా ఉంటుంది. లోపలికి ఎక్కించేటప్పుడు సన్నబడి, ఎక్కాక విచ్చుకుని గోడను అదిమి పట్టుకుంటుంది. జిగురు లేకపోయినా కదలదు. ఇందాక చెప్పుకున్న మొదటి చుట్టు బాధ కూడా దీనితో తగ్గుతుంది. బోల్టు లాగినప్పుడు చుట్ట కాస్త సాగి సర్దుకుంటుంది, దానితో బరువు అన్ని చుట్లకూ పంచుకుపోతుంది. అందుకే చుట్ట వేసిన అల్యూమినియం రంధ్రం పుట్టినప్పటి కంటే బలంగా తయారవుతుంది. ఇది నమ్మని వాళ్ళను చాలామందిని చూశాను. బాగుచేసినది కొత్తదాని కంటే ఎప్పుడూ తక్కువేనని మన మనసులో పాతుకుపోయింది. ఇక్కడ లెక్క తిరగబడింది.

రెండో ప్రపంచ యుద్ధం రావడంతో అల్యూమినియం ఇంజన్లు వేలల్లో, లక్షల్లో తయారయ్యాయి. తీగ చుట్టకు అది పెద్ద పరీక్ష. అందులో గెలిచి విమానాల్లో స్థిరపడింది. ఈనాటికీ లైకమింగ్, కాంటినెంటల్ పిస్టన్ ఇంజన్ల సిలిండర్ తలల్లో స్పార్క్ ప్లగ్గు రంధ్రాలకు తీగ చుట్టలు కార్ఖానాలోనే పెట్టి పంపుతారు. అక్కడ ఎవరూ మర పోయేదాకా ఆగరు. ఇది మాటిమాటికీ విప్పే రంధ్రం అని తెలుసు, కాబట్టి మొదటి రోజే ఒర దించుతారు.

ఆ ఇంజన్లకూ తళి దారికీ సంబంధం ఉంది. హోసూరు నుంచి తళి వెళ్తుంటే బెళగొండపల్లి దగ్గర విమానాశ్రయం వస్తుంది. అది తనేజా ఏరోస్పేస్ కంపెనీది. 1988లో మొదలైన ఆ కంపెనీ ఇటలీకి చెందిన పార్టెనావియా సహకారంతో పీ-68 అనే ఆరు సీట్ల రెండింజన్ల విమానాన్ని అక్కడే తయారుచేసింది. మన దేశంలో విమానం తయారుచేసిన మొదటి ప్రైవేటు కంపెనీగా దానికి పేరు. పీ-68కి ఉండేవి రెండు లైకమింగ్ ఇంజన్లు, ఒక్కొక్కటీ 200 గుర్రాల శక్తిది. అంటే బంతిపూల మూటలతో మోపెడ్లు పోయే దారి పక్కనే, కాంపౌండ్ గోడకు అవతల, కామినెజ్ ఆలోచన ఇంజన్లలో కూర్చుని ఎగిరింది. గోడకు ఇవతల మర పోయిన క్రాంక్‌కేసుకు ఎమ్‌సీల్ పూస్తున్నాం. ఈ దూరం నన్ను బాధిస్తుంది.

మోపెడ్లకు ఈ జబ్బు మొదటి నుంచీ ఇంతగా లేదు. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 బయటికి వచ్చినప్పుడు అది టూ స్ట్రోక్ బండి. ఇంజనుకు కావలసిన ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళు. అది పెట్రోలుతో పాటే కాలిపోయేది. కింద నిలవ ఉండి, నల్లబడి, కొన్నాళ్ళకోసారి దించాల్సిన ఇంజన్ ఆయిల్ ఆ బండికి లేదు. ఆ రోజుల్లో స్కూటర్లు, రాజ్‌దూత్, ఎజ్డీ అన్నీ ఆ దారే. ఫోర్ స్ట్రోక్ అంటే ముఖ్యంగా బుల్లెట్. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక మామూలు ఇంటికి ఫోర్ స్ట్రోక్ చేరింది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ టూ స్ట్రోక్ వెనక్కి తగ్గింది. చివరికి 2015లో టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100తో మోపెడ్ కూడా ఫోర్ స్ట్రోక్ అయ్యింది. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది, చాలా మంచి మార్పు. దానితో పాటు ప్రతి ఇంటి బండి కిందా కొన్ని నెలలకోసారి విప్పి బిగించాల్సిన ఉక్కు బోల్టు, దాని చుట్టూ మెత్తని అల్యూమినియం వచ్చి చేరాయి. విమానం స్పార్క్ ప్లగ్గుకు వచ్చిన ఇబ్బందే మన డ్రెయిన్ రంధ్రానికీ వచ్చింది.

షెడ్డుల్లో వాడుకలో ఉన్న చికిత్సలు నాలుగైదు రకాలు. బోల్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి పెట్టడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ప్రమాదం. టేపు ఆయిల్‌ను కాసేపు ఆపుతుంది కానీ బోల్టును పట్టుకోదు. అదురుకు బోల్టు ఊడి దారిలో పడితే, వెనక చక్రం కిందికి ఆయిల్ పోతుంది. అప్పుడు పోయేది ఇంజను ఒక్కటే కాదు. ఎమ్‌సీల్ పూయడమంటే రంధ్రాన్ని శాశ్వతంగా మూసేయడమే. ఆ తరవాత ఆయిల్ ఎలా దించుతారు? మార్చకుండానే నడుపుతారు, కొన్నాళ్ళకు పిస్టన్ రింగులు పోతాయి. ఆర్గాన్ వెల్డింగ్‌తో రంధ్రం పూడ్చి మళ్ళీ తొలచడం తెలిసినవాడి చేతిలో మంచి పనే. కానీ ఆయిల్ తాగిన పోత లోహం వెల్డింగు వేడికి బుడగలు కడుతుంది, వంగుతుంది, విప్పకుండా చేయడం కుదరదు. లేతు మీద ఉక్కు బుష్ చేయించి దించడం గౌరవించదగ్గ పని. హోసూరు సిప్‌కాట్ చుట్టుపక్కల లేతు మేస్త్రీల చేతుల్లో ఆ బుష్‌లు ముచ్చటగా వస్తాయి. గోడకు చోటుంటే అది చాలా ఏళ్ళు ఉంటుంది. అమెరికాలో టైమ్-సెర్ట్ పేరుతో దొరికేది ఈ బుష్‌కు నాజూకైన రూపం: పలచని ఉక్కు గొట్టం, లోపలా బయటా మర, పైన చిన్న అంచు. లోపలి చివరి చుట్లు పూర్తిగా కోసి ఉండవు. బిగించే పనిముట్టు వాటిని నొక్కుకుంటూ పోయేసరికి గొట్టం అడుగు విచ్చుకుని గోడను పట్టేస్తుంది. డ్రెయిన్ రంధ్రం లాంటి చోటికి చుట్ట కంటే ఇది ఒక మెట్టు పైనే అని నా అభిప్రాయం. తీగ ముక్క లోపల పడే భయం ఉండదు, ఆయిల్ పాకే సందూ ఉండదు. మన దగ్గర సులువుగా దొరికేది మాత్రం చుట్టే.

చుట్ట వేయడం ఎలాగో చూస్తే భయం పోతుంది. ముందు పాత ఆయిల్ పూర్తిగా దించాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు దాదాపు పన్నెండున్నర మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు కావాలి. బిట్టు సందుల్లో గ్రీజు దట్టంగా నింపాలి. కోసిన రజను గ్రీజుకు అంటుకుని బిట్టుతోనే బయటికి వస్తుంది. కొంచెం తొలచి, తీసి, తుడిచి, మళ్ళీ గ్రీజు పెట్టి, మళ్ళీ కొంచెం. అసలు మేస్త్రితనం ఇక్కడే. రజను లోపలే ఉండిపోతే ఆయిల్ పంపులోకి పోయి ఇంజనునే తింటుంది. బిట్టు నిటారుగా నిలవాలి. ఒక్క డిగ్రీ వాలినా బోల్టు తల ఒక పక్కకే ఆని, రెండో పక్క కారుతుంది. తరవాత చుట్టకోసమే ప్రత్యేకంగా చేసిన ట్యాపు. అది మామూలు 12 ట్యాపు కాదు. మర మధ్య దూరం 12 బోల్టుదే, బయటి కొలత మాత్రం దాదాపు 14 దాకా ఉంటుంది. దానికీ గ్రీజు, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి.

చుట్ట అడుగున తీగ లోపలికి మడిచి చిన్న అడ్డపుల్లలా ఉంటుంది. బిగించే పనిముట్టు దాన్నే పట్టుకుని చుట్టను తిప్పుకుంటూ లోపలికి తీసుకుపోతుంది. పై చివర కేసు అంచుకు పావు మర నుంచి అర మర దాకా కిందికి దిగాలి. పైకి తేలి ఉంటే వాషర్ అమరదు. చుట్ట బయటి వైపు కాస్త లాక్‌టైట్ జిగురు రాస్తే ఆయిల్ తీగ వెంట పాకకుండా ఉంటుంది. చివరగా ఆ అడ్డపుల్లను విరగ్గొట్టాలి. దాని మొదలు దగ్గర గాటు పెట్టి ఉంటుంది, దెబ్బకు తెగుతుంది. డ్రెయిన్ రంధ్రంలో ఈ చివరి పనికే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పుల్ల లోపలికి పడిపోకూడదు. సన్నమూతి పటకారుతో దాన్ని ముందే పట్టుకుని, అటూ ఇటూ వంచి విరిచి, బయటికి తీసి, కంటితో చూసుకోవాలి. అసలు పుల్లే లేని చుట్టలు కూడా వచ్చాయి, దొరికితే అవే మేలు. లాక్‌టైట్ ఆరాక పై నుంచి కాసింత చవక ఆయిల్ పోసి, కింద రంధ్రంలోంచి కారనిచ్చి, మిగిలిన రజను కడగాలి. ఆ తరవాత కొత్త వాషర్, కొత్త బోల్టు. బలం కొలిచే టార్క్ పానా ఉంటే పాతిక న్యూటన్ మీటర్లు. లేకపోతే చిన్న పానా, ఒక్క చేయి, పైపు వద్దు.

అనుభవం ఉన్న చేతికి ఇదంతా ఒక పూట పని. ఇంజను దించనక్కర్లేదు, నంబరు మారదు, ఆర్టీఓ ఆఫీసు మెట్లు ఎక్కనక్కర్లేదు. బండికి మళ్ళీ 12 మిల్లీమీటర్ల మామూలు బోల్టే పడుతుంది. ఏ ఊళ్ళో ఏ షాపులో కొన్నా సరే.

ఇప్పుడు నా అసలు విన్నపం. స్పార్క్ ప్లగ్గు రంధ్రం తరచూ విప్పేది కాబట్టి విమానం ఇంజను చేసేవాళ్ళు మొదటే ఉక్కు పెడతారు. మోపెడ్ మీద, కమ్యూటర్ బైకు మీద బతికే మనిషి బండిలో తరచూ విప్పే రంధ్రం డ్రెయిన్‌దే. దానికి మొదటే ఉక్కు ఎందుకు పెట్టకూడదు? పోత పోసేటప్పుడే ఉక్కు బుష్‌ను అచ్చులో పెట్టి పోయవచ్చు, లేదా చెక్కే వరసలో ఇంకొక మెట్టుగా చుట్ట ఎక్కించవచ్చు. రెండూ తెలిసిన పద్ధతులే. బండికి ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. లక్షల బళ్ళు చేసేవాడికి ఆ కొంతే పెద్ద లెక్క అవుతుంది, అదీ తెలుసు. కానీ ఫ్యాక్టరీ మిగుల్చుకున్న ఆ కొంత, బండి మూడో చేతికి, నాలుగో చేతికి వెళ్ళాక, తళి కొండల్లో రాగులు పండించుకునే రైతు దగ్గర క్రాంక్‌కేసు ధరగా వసూలవుతోంది. ఇంజన్లు చేసే ఊరు ఇక్కడికి పాతిక కిలోమీటర్లే. ఆ డ్రాయింగు గీసే ఇంజనీర్లలో ఒక్కరైనా ఒక ఆదివారం ఈ దారిన వచ్చి, ఏ షెడ్డు ముందైనా కూర్చుని, డ్రెయిన్ బోల్టులు విప్పడం చూడాలని నా కోరిక.

అంతవరకూ పని షెడ్డులదే. ఒక్కో మెకానిక్ 12, 14 కొలతలకు ఒక బిట్టు, ఒక ట్యాపు, పది చుట్టలు, ఒక డబ్బా కొత్త వాషర్లు దగ్గర పెట్టుకుంటే చాలు. ఒక్కరికి బరువైతే పక్కపక్క షెడ్లవాళ్ళు నలుగురు కలిసి ఒక కిట్టు కొనుక్కోవచ్చు. ఐటీఐ ఫిట్టర్ పాఠాల్లో ట్యాపు కొట్టడం ఎలాగూ నేర్పుతారు. అదే బెంచీ మీద పాత అల్యూమినియం కేసు ఒకటి పెట్టి, చుట్ట ఎక్కించడం కూడా ఒక పూట చేయిస్తే, బయటికి వచ్చే ప్రతి కుర్రాడికీ ఈ పని చేతిలో ఉంటుంది.